ఆడనందుకు పతకం

మా ఊరి డిగ్రీ కాలేజీ ఆగస్టు పదకొండో తేదీన పోయింది. పోయిందంటే కూలిపోలేదు, కాలిపోలేదు. అది కల్యాణమండపం పై అంతస్తులో అద్దెకు ఉండేది. విశ్వవిద్యాలయం గుర్తింపు రద్దు చేసింది. మధ్యాహ్నానికి బోర్డు దించారు, సాయంత్రానికి అదే హాల్లో ఎవరిదో నిశ్చితార్థం జరిగింది. దానికి పందొమ్మిది రోజుల ముందు నా భార్య హైమావతి పోయింది. ఈ రెండింటికీ సంబంధం లేదు. తేదీలు ముందే చెబితే తర్వాత గందరగోళం ఉండదని చెబుతున్నాను.

హైమావతి మా ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయిని. నేను అదే బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాను. ఆమె పిల్లలకు నేర్పిన ఆట ఖో-ఖో. తెలియనివారి కోసం రెండు మాటలు. తరిమే జట్టులో తొమ్మిదిమంది ఉంటారు. ఎనిమిదిమంది మైదానం నడుమ, రెండు స్తంభాల మధ్య గీత మీద గొంతుక్కూర్చుని ఉంటారు, ఒక్కరే తరుముతారు. తరిమే మనిషి కూర్చున్న మనిషి వీపు తట్టి ‘ఖో’ అంటే, తట్టించుకున్నది లేచి పరిగెత్తుతుంది, తట్టినది ఆ చోట కూర్చుంటుంది. అవతలి జట్టు పిల్ల ఎంతసేపు దొరక్కుండా ఉంటే అంత గొప్ప.

పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చే ఏసోబు కూతురు సువార్త అందరికంటే ఎక్కువసేపు దొరక్కుండా ఉండేది. ఆరో తరగతి నుంచి ఆ పిల్ల ఆడిన ప్రతి ఆటనూ హైమావతి ఒక గీతల నోటు పుస్తకంలో రాసింది. తేదీ, ఊరు, నిలిచిన నిమిషాలు, సెకన్లు. వ్యాఖ్యలు లేవు. ఒక్కచోట మాత్రం, ఐదు నిమిషాల పది సెకన్ల పక్కన, చిన్న చుక్క పెట్టి ఉంది.

సువార్తకు హైమావతిలాగే పీఈటీ కావాలని ఉంది. వ్యాయామ విద్య కాలేజీలో క్రీడల కోటా సీటు రావాలంటే విశ్వవిద్యాలయ జట్టులో ఆడిన సర్టిఫికెట్ కావాలి. డిగ్రీ మూడో ఏడు. మొదటి రెండేళ్లు కాలేజీ జట్టులో ఆడింది, విశ్వవిద్యాలయ జట్టు ఎంపికల్లో ఒక్క స్థానంలో తప్పిపోయింది. ఇక మిగిలింది ఈ ఒక్క ఏడాదే. ఆసుపత్రిలో హైమావతి నాతో అన్న చివరి పొడుగు మాట దీని గురించే. “సువార్త ఈసారి ఎంపికవుద్ది. మీరు పోయి చూడండి. గడియారం పెట్టుకుని నిమిషాలు రాయండి. అందాజుగా రాయొద్దు.” రాస్తానన్నాను.

కాలేజీ పోయాక విశ్వవిద్యాలయమే అందులోని పిల్లలందరినీ నలభై కిలోమీటర్ల దూరంలోని మరో కాలేజీకి సర్దింది. అది బాగానే జరిగింది. బస్సు పాసులు కూడా ఇచ్చారు. సువార్త కొత్త కాలేజీ జట్టులో పేరు ఇవ్వడానికి వెళితే, క్రీడా నియమావళిలోని పద్నాలుగో నియమం చూపించారు. ఒక కళాశాల నుంచి మరో కళాశాలకు మారిన క్రీడాకారులు ఒక క్రీడా సంవత్సరం పాటు ఆడరాదు. పాత కళాశాల ఎన్‌ఓసీ, అంటే తమకు అభ్యంతరం లేదన్న పత్రం, ఇస్తే ఆడవచ్చు.

నియమం మంచిదే. పెద్ద కాలేజీలు ట్రాక్‌సూటూ హాస్టలూ ఆశ చూపి చిన్న కాలేజీల ఆటగాళ్లను లాక్కోకుండా పెట్టారు. సువార్తను ఎవరూ లాక్కోలేదు. ఈ తేడా వివరించడానికి నేను ఆ పిల్లను తీసుకుని విశ్వవిద్యాలయ క్రీడా మండలి కార్యదర్శి డాక్టర్ పరాంకుశం గారి దగ్గరికి వెళ్లాను. ఆయన గదిలో పదమూడు షీల్డులు ఉన్నాయి. ఒక్కటీ ఆటది కాదు. అన్నీ సదస్సులవి.

ఆయన శ్రద్ధగా విన్నారు. విని, ఎన్‌ఓసీ తెమ్మన్నారు. పాత కాలేజీ లేదు కదా అన్నాను.

“లేకపోవడం వేరు, అభ్యంతరం లేకపోవడం వేరు మాస్టారూ,” అన్నారాయన. “సదరు కళాశాల ఉండి ఉంటే అభ్యంతరం చెప్పేదేమో. ఆ అవకాశాన్ని మనం దాని పరోక్షంలో కాలరాయలేం.”

అయినా సహజ న్యాయం పాటిస్తామని, మూతపడిన కాలేజీకి రిజిస్టర్డ్ ఉత్తరం రాశారు. మీ పూర్వ విద్యార్థిని ఆడటానికి మీకు అభ్యంతరం ఉన్నదీ లేనిదీ పదిహేను రోజుల్లో తెలపండి అని. పోస్ట్‌మన్ దాని మీద ‘తలుపు తాళం’ అని రాసి తిప్పి పంపాడు. మండలి ఆ కవరును ఫైలులో పెట్టి, కళాశాల నుంచి ప్రత్యుత్తరం అందినదనీ, అది సానుకూలంగా లేదనీ నమోదు చేసింది.

ఆ నమోదు చూడటానికి మళ్లీ వెళ్లి వచ్చాం. బస్టాండులో సువార్త అడిగింది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది సార్ అని. కల్యాణమండపం వాచ్‌మన్ దగ్గర అన్నాను. ఆయన సంతకం చేస్తే సరిపోదా అంది. ఎగతాళిగా అనలేదు.

ఎనిమిదో తరగతికి న్యాయవ్యవస్థ పాఠం నేను ఇరవై ఆరేళ్లుగా చెబుతున్నాను. పౌరుడికి అన్యాయం జరిగితే కోర్టుకు వెళ్లవచ్చునని అందులో ఉంది. నా దగ్గర చదువుకున్న ఖాజావలి హైకోర్టులో వకీలు. రిట్ వేశాడు. మూడు వారాలకు ఫోన్ చేశాడు.

“గెలిచినట్టే సార్. పిల్ల అర్జీని నాలుగు వారాల్లో పరిశీలించి, కారణాలు రాసి ఉత్తర్వు ఇయ్యమన్నారు.”

“పరిశీలించారు కదయ్యా ఒకసారి.”

“ఇప్పుడు ఆలోచించి పరిశీలించాల సార్. ఆ ఆఫీసులో ఇంతవరకు ఎవరూ ఆ పని చెయ్యలా.”

నేను తప్పు పట్టను, వాళ్లు ఆలోచించారు. పదకొండు పేజీల ఉత్తర్వు వచ్చింది. అందులో ఇప్పటివరకు ఎవరికీ తట్టని విషయం ఒకటి కనిపెట్టారు. నియమం ప్రకారం మారిన క్రీడాకారిణి ఏడాది ఆడకుండా ఉండాలి. కానీ ఆడలేదనడానికి రుజువేమిటి? ఇంట్లో కూర్చుని ఆడలేదంటే ఎవరు నమ్మాలి? ఆట లేనిచోట ఆడకపోవడం అందరూ చేసే పనే, అందులో క్రీడాకారిణి ప్రత్యేకత ఏమీ లేదు. కనుక సదరు సువార్త తన కళాశాల జట్టు ఆడే ప్రతి పోటీకీ హాజరై, పూర్తి క్రీడా దుస్తుల్లో, మండలి నియమించే పరిశీలకుడి సమక్షంలో ఆడకుండా ఉండవలెను. హాజరు డెబ్బై ఐదు శాతానికి తగ్గరాదు. తగ్గితే ఏడాది మళ్లీ మొదలు.

అప్పీలుకు పోదాం సార్, కాస్త టైము పడుద్ది అన్నాడు ఖాజావలి. ఈలోగా ఆ పిల్ల హాజరు పోకూడదు కదా. వెళ్లమన్నాను. నేనూ వెళ్లాను. గడియారమూ నోటు పుస్తకమూ పట్టుకెళ్లాను. అలవాటు కొద్దీ అనుకోండి.

పరిశీలకుడు భూషణం గారు గ్రంథాలయంలో సహాయకుడు, డెప్యుటేషన్ మీద వచ్చారు. నెమ్మదైన మనిషి. మైదానం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేయించి సువార్తను కూర్చోబెట్టారు. తొమ్మిది నిమిషాలకొకసారి ఫారంలో ‘ఆడలేదు’ అన్న గడిలో టిక్కు పెట్టేవారు. ఎండ ఆ పిల్ల మీదికి వస్తే కుర్చీ జరిపించేవారు, అడ్డు లేకుండా కనిపించాలని. ఒకసారి ఎదుటి జట్టు పిల్ల స్తంభం చుట్టి రాకుండానే మోసం చేసి వెనక్కి తిరిగింది. సువార్త నోరు తెరవలేదు. ఫారంలో మాత్రం ‘కుడి పాదము కదిలినది, హెచ్చరించడమైనది’ అని పడింది.

పన్నెండు రోజులు ఇలా గడిచాక ఎదుటి కాలేజీ కోచ్ ఒకాయన అభ్యంతరం లేవదీశాడు. ఖో-ఖోలో తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది కూర్చునే ఉంటారు. కూర్చోవడం ఆ ఆటలో భాగం. మరి ఈ అమ్మాయి పన్నెండు రోజులుగా మైదానం పక్కన చేస్తున్నదేమిటి?

మండలి అదిరిపడింది. ముగ్గురు ఆచార్యులతో సంఘం వేసింది. ఒకరు వృక్షశాస్త్రం, ఒకరు వాణిజ్యం, మూడో ఆయన పదవీ విరమణ చేసిన తత్వశాస్త్రం. వాళ్లు రెండు ఆటలు చూసి, లెక్కగట్టి, ఖో-ఖో ఆటగాళ్లు సగటున ఎనభై తొమ్మిది శాతం కూర్చునే ఆడతారని తేల్చారు. అందుచేత సువార్త పన్నెండు రోజులూ ఎనభై తొమ్మిది శాతం ఆడినట్టే. ఆ హాజరు రద్దు. ఇకమీదట నిలబడి ఆడకుండా ఉండాలి.

“నిలబడితే పరిగెత్తడానికి దగ్గరగదా సార్,” అంది సువార్త ఆ కాగితం చదివి. “కూర్చుంటే నయం. లెయ్యబుద్ధి కాకుండా కాస్త ఆపుకోవచ్చు.”

నిలబడింది. అక్టోబరు ఎండలో, గీతకు ఐదడుగుల దూరంలో, చేతులు వెనక్కి పెట్టుకుని.

నవంబరులో జిల్లా కేంద్రంలో జరిగిన పోటీని వివరంగా చెప్పాలి. మిగతా వాళ్లకు ప్రాక్టికల్ పరీక్షలుండి కొత్త కాలేజీ తొమ్మిదిమందినే తెచ్చింది. బస్సు దిగుతూ ఒక పిల్ల చీలమండ బెణికించుకుంది. ఎనిమిదిమంది మిగిలారు. తొమ్మిదిమంది లేకుండా ఆట మొదలుపెట్టరు. మైదానం నడుమ ఎనిమిది గళ్లలో ఎనిమిదిమందీ కూర్చున్నారు. తరమడానికి మనిషి లేదు. ఐదడుగుల ఇవతల సువార్త బూట్లు బిగించుకుని, నంబరు వేసుకుని, జుట్టు ముడేసుకుని నిలబడి ఉంది. అవతలి జట్టు కెప్టెన్ కూడా వచ్చి, మాకేం ఇబ్బంది లేదు సార్, ఆ అక్కను దిగనీయండి, ఆడకుండా ఎట్టా పోయేది ఇంత దూరం వచ్చి అంది.

డాక్టర్ పరాంకుశం గారు ఆ రోజు ముఖ్య అతిథి. ఆయనను అడిగాం.

“ఆమెను ఇప్పటికే ఆడకుండా ఉండే విధికి కేటాయించాం,” అన్నారు. “ఒకే వ్యక్తికి ఒకే సమయంలో రెండు విధులు అప్పగించే సంప్రదాయం విశ్వవిద్యాలయంలో లేదు.”

ఇరవై నిమిషాలు చూసి, కొత్త కాలేజీ జట్టు ఓడినట్టు ప్రకటించారు. కూర్చున్న ఎనిమిదిమందీ లేచారు. వీపు తట్టేవాళ్లు లేకుండా వాళ్లు లేవడం నేను మొదటిసారి చూశాను.

తర్వాత భూషణం గారు ఫారం పట్టుకుని వచ్చారు. ఆయన ముఖం నిజంగానే బాధగా ఉంది. ఈ రోజు హాజరు వేయలేనన్నారు. ఆట జరగలేదు కాబట్టి ఆమె ఆడకపోవడం కూడా జరగలేదు.

“నేను ఆడుంటే జరిగేది గదా సార్,” అంది సువార్త.

“ఆడుంటే హాజరు అసలే ఉండేది కాదమ్మా,” అన్నారు భూషణం గారు. ఆమె సంతకం పెట్టింది. నోటు పుస్తకంలో ఆ రోజు తేదీ, ఊరు రాశాను. నిమిషాల దగ్గర కలం ఆగిపోయింది.

ఈలోగా విశ్వవిద్యాలయం మరో మూడు కాలేజీల గుర్తింపు రద్దు చేసింది. కబడ్డీ, వాలీబాల్, బాల్ బ్యాడ్మింటన్ పిల్లలు అందరూ సర్దుబాటయ్యారు, అందరికీ పద్నాలుగో నియమం వర్తించింది. డిసెంబరు నాటికి ఆడకుండా ఉండే క్రీడాకారులు అరవై ఒక్కమంది. వాళ్లకు యూనిఫాం రంగు ఇచ్చారు. పరిశీలకులకు రెండు రోజుల శిక్షణ పెట్టారు. వాలీబాల్ కోర్టు చుట్టూ ఆడేవాళ్లకంటే ఆడనివాళ్లు ఎక్కువై, బంతి వాళ్లకు తగిలితే అది ఆడటం కిందికి వస్తుందా అన్న దాని మీద ఇంకో సంఘం వేశారు.

ఢిల్లీ నుంచి గ్రేడు ఇవ్వడానికి వచ్చిన తనిఖీ బృందం దీన్ని చూసి ముచ్చటపడింది. దేశంలో ఎక్కడా లేదన్నారు. యువతలో నిగ్రహం పెంచే విలువల విద్య అన్నారు. మంచి గ్రేడు వచ్చింది. ఆ వారంలోనే క్రీడా విభాగానికి పక్కన అక్రీడా విభాగం ఏర్పడింది. దానికి గది, బోర్డు, టెలిఫోను వచ్చాయి. భూషణం గారు దానికి సంచాలకులయ్యారు. క్రీడా విభాగం నుంచి రెండు బీరువాలు అటు జరిపారు, ఇటు పెద్దగా అవసరం లేదని.

మార్చిలో వార్షికోత్సవం. నూటికి నూరు శాతం హాజరుతో, ఒక్క హెచ్చరికతో ఏడాది ముగించిన సువార్తకు ఉత్తమ అక్రీడాకారిణిగా బంగారు పతకం. ఒక్కరోజు కూడా తప్పకుండా వచ్చినందుకు రద్దయిన పన్నెండు రోజులనూ ప్రత్యేక దయతో కలిపారు. ప్రశంసాపత్రం డాక్టర్ పరాంకుశం గారు స్వయంగా చదివారు.

“ఆడగల శక్తి ఉండి, ఆడాలన్న కాంక్ష ఉండి, ఆటకు ఐదడుగుల దూరంలో నిలిచి, జట్టు ఓడిపోతున్న ఘడియలో సైతం చలించని ఈ బాలిక రాబోయే తరాలకు ఆదర్శం.”

చప్పట్లు బాగా పడ్డాయి. ఏసోబు ఉతికిన చొక్కా వేసుకుని నా పక్కన కూర్చున్నాడు. గోళ్ల సందుల్లో పలక దుమ్ము అలాగే ఉంది. కూతురి మెడలో పతకం పడగానే నా వైపు వంగి అడిగాడు. “గెలిచిందా సార్ బిడ్డ?”

పతకం వచ్చిందన్నాను. అంతకంటే నిజమైన మాట దొరకలేదు. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. హైమావతి మేడం ఉంటే ఎంత సంతోషపడేదో అన్నాడు.

అప్పీలు విచారణకు రాకుండానే డిగ్రీ అయిపోయింది. సర్టిఫికెట్ లేదు కాబట్టి వ్యాయామ విద్య కాలేజీలో సీటు రాలేదు. పతకం చూపిస్తే వాళ్లు అది ఏ ఆటకు వచ్చిందని అడిగారట. అయినా ఇంకో దారి కనిపించింది. తాను చదివిన కొత్త కాలేజీలోనే పీజీలో చేరితే విద్యార్థినిగా ఇంకో ఏడాది ఆడవచ్చు. కాలేజీ మారడం లేదు కాబట్టి పద్నాలుగో నియమం అడ్డు రాదు. ఏడాది విరామమూ తీరిపోయింది. సువార్త ఎం.ఏ. చరిత్రలో చేరింది. చరిత్ర మీద ఆమెకు ఇష్టమూ లేదు, కోపమూ లేదు. ఏసోబు ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు కూడా ఒప్పుకున్నాడు. ఆ పిల్ల తెల్లవారుజామున మా బడి మైదానంలో పరిగెత్తడం మొదలుపెట్టింది. హైమావతి పాతించిన రెండు కొయ్య స్తంభాలు ఇంకా అక్కడే ఉన్నాయి.

జూలైలో పేరు నమోదుకు మళ్లీ ఆ గదికి వెళ్లాం. షీల్డులు పదిహేనయ్యాయి. కార్యదర్శి గారు సువార్తను గుర్తుపట్టి, లేచి నిలబడ్డారు. విషయం విన్నాక కూర్చున్నారు.

“చిక్కొచ్చింది మాస్టారూ. ఈమె ఇప్పుడు ఖో-ఖో క్రీడాకారిణి కాదు. అక్రీడా విభాగపు పతక విజేత. ఒక విభాగం నుంచి మరో విభాగానికి మారడం కూడా బదిలీ కిందికే వస్తుందని గత నెల సవరణ చేశాం. ఎవరిని ఉద్దేశించీ చేయలేదు.”

అంటే ఏమిటన్నాను.

“అక్రీడా విభాగం ఎన్‌ఓసీ ఇవ్వాలి. లేదా ఒక ఏడాది విరామం పాటించాలి.”

ఈసారి ఎన్‌ఓసీ ఇవ్వవలసిన విభాగం మూతపడలేదు. పక్క గదిలోనే ఉంది. తాళం కూడా వేసి లేదు. భూషణం గారు మాకు టీ తెప్పించారు. సువార్తను పిల్లల క్షేమం అడిగినట్టు మోకాళ్ల క్షేమం అడిగారు. తర్వాత తల దించుకుని, ఇవ్వలేనన్నారు. వచ్చే జనవరిలో రాష్ట్రస్థాయి అక్రీడా పోటీలు మన దగ్గరే జరుగుతున్నాయి.

“ఇంత బాగా ఆడకుండా ఉండేవాళ్లు మాకు మళ్లీ దొరకరు సార్,” అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు.

ఖాజావలికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. సార్, మళ్లీ ఒకసారి చెప్పండి, మెల్లిగా అన్నాడు. చెప్పాను.

“అక్రీడ నుంచి ఏడాది విరామం పాటించమన్నారు, అంతేగా? అంటే ఈ పిల్ల ఏడాది పాటు ఆడకుండా ఉండటం మానెయ్యాల. ఆడకుండా ఉండటం మానాలంటే ఆడాలిగా సార్. వాళ్ల నియమమే ఆడమంటంది. ఈసారి వాళ్లకి సందు లేదు.”

గొంతులో చిన్నప్పటి ఉత్సాహం వినిపించింది. ఆ వారంలోనే రిట్ వేశాడు. విశ్వవిద్యాలయం కౌంటరు దాఖలు చేసింది. ఆడటానికీ, ఆడకుండా ఉండటానికీ నడుమ మూడో స్థితి ఒకటి ఉన్నదని, విరామంలో ఉన్నవారు ఆ స్థితిలో ఉండాలని, అదేమిటో నిర్వచించడానికి తత్వశాస్త్ర ఆచార్యుల అధ్యక్షతన సంఘం వేశామని, నివేదిక వచ్చేవరకు సదరు విద్యార్థిని ఆడరాదని, ఆడకుండా కూడా ఉండరాదని అందులో ఉంది.

ఆ కాగితం నేను సువార్తకు చదివి వినిపించాను. మైదానంలో స్తంభానికి ఆనుకుని విన్నది. విని, “అయితే ఇప్పుడు నేను నిలబడాల్నా, కూర్చోవాల్నా సార్?” అంది. నేను కాగితం మడుస్తుండగానే రెండో స్తంభం దాకా పరిగెత్తి తిరిగి వచ్చింది. పరిశీలకుడు ఎవరూ లేరు. గడియారం నా జేబులోనే ఉంది, కానీ అది పోటీ కాదు. అందాజుగా రాయొద్దని చెప్పిన మనిషి, పోటీ కానిదాన్ని రాస్తే ఒప్పుకోదు.

మళ్లీ ఆగస్టు వచ్చింది. రిట్‌కు నంబరు పడింది, విచారణకు రాలేదు. సంఘం ఒకసారి సమావేశమైంది, కోరం లేక వాయిదా పడింది. హైమావతి నోటు పుస్తకంలో చివరి వరుసలో సువార్త పేరు రాసి పెట్టాను. నిమిషాలు ఇంకా రాయలేదు.